క్షమించాక కాపురానికీ వెళ్ళాలా?

అయ్యగారు: మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో పేతురు ఒక లెక్క అడిగాడు. సహోదరుడు తప్పు చేస్తే ఏడుసార్లు క్షమిస్తే సరిపోతుందా అని. ప్రభువు ఆయన చేతిలోంచి ఆ లెక్కల పుస్తకమే లాగేసుకున్నాడు. ఎప్పుడో ఎదురుపడే సహోదరుడికే అంత క్షమించాలంటే, ఒకే కప్పు కింద బతికే మనిషికి ఎంత క్షమించాలి? బయటివాడు ఏడాదికోసారి తప్పు చేస్తాడు. మొగుడూ పెళ్ళాలు రోజుకి నాలుగు చేసుకుంటారు. క్షమించే గుణం లేని ఇంట్లో కాపురం నిలవదమ్మా. ఈ మాట బైబిలు ముట్టుకోనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

లాయరమ్మ: రోజుకి నాలుగు తప్పుల సంగతి ఎవరూ కాదనరండి. కూరలో ఉప్పెక్కువైందని కసిరినా, పండక్కి పుట్టింటికి పంపనన్నా సాయంత్రానికి సర్దుకుపోతారు. దానికి చర్చీ అక్కర్లేదు, కోర్టూ అక్కర్లేదు. బందరు జిల్లా కోర్టు మెట్లెక్కేవి అవి కాదు. చెయ్యి విరిగినవి, రెండో కాపురం పెట్టినవి, మెళ్ళో సూత్రాలు కూడా తాకట్టు పెట్టి తాగినవి. వాటికీ ఇదే వాక్యం చెబుతున్నారు, అదీ గొడవ. పైగా ఆ అధ్యాయాన్ని మన ప్రసంగాల్లో ఎప్పుడూ ఇరవై ఒకటో వచనం దగ్గర మొదలుపెడతారు. పదిహేను దగ్గర ఎందుకు మొదలుపెట్టరు? తప్పు చేసినవాడి దగ్గరికి ఒంటరిగా వెళ్ళి చెప్పు. వినకపోతే ఒకరిద్దర్ని వెంటబెట్టుకెళ్ళు. అప్పటికీ వినకపోతే సంఘం ముందు పెట్టు. సంఘం మాటా వినకపోతే వాణ్ణి బయటివాడి కిందే జమకట్టు. పేతురు ప్రశ్న ఈ నాలుగు మెట్లూ ఎక్కాక వచ్చింది. మనవాళ్ళు మెట్లు వదిలేసి నేరుగా మేడ మీదికి ఎక్కిస్తున్నారు, అదీ భార్య ఒక్కదాన్నే.

అయ్యగారు: దాటేసి చదువుతామన్నది నిజమే. కానీ ఆ మెట్ల గమ్యం ఏమిటో కూడా అక్కడే ఉంది. సహోదరుణ్ణి తిరిగి సంపాదించుకోవడం, వదిలించుకోవడం కాదు. ఈ సీమలో సంఘం పంచాయితీకి ఎందుకు కూర్చుందో చూడాలి. బందరులో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో చర్చి మిషనరీ సొసైటీ పని మొదలుపెట్టారు. తరవాత వుయ్యూరు, అవనిగడ్డ వైపు కెనడా బాప్టిస్టులు వచ్చారు. సంఘాల్లో చేరినవాళ్ళు ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల కూలిజనం. ఊరి రచ్చబండ దగ్గర వాళ్ళకి కూర్చునే చోటు లేదు, కోర్టుకి పోవడానికి డబ్బు లేదు. దివిసీమ అయితే కృష్ణ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న లంక. అలాంటి చోట ఓ కూలి ఆడమనిషి గోడు కూర్చోబెట్టి విన్నది సంఘ పెద్దలు, పాస్టరమ్మగారు, బైబిలు స్త్రీ. వాళ్ళు నిలబెట్టిన కాపురాల్లోంచే తరవాతి తరం టీచర్లూ నర్సులూ వచ్చారు. ఆ పెద్దల కూర్చోడాన్ని తీసిపారెయ్యకమ్మా.

లాయరమ్మ: తీసిపారెయ్యట్లేదు. వినేవాళ్ళు లేని రోజుల్లో విన్నారు, అది పెద్ద మేలే. కానీ ఆ కూర్చోడంలో ఏం జరుగుతుందో చూడండి. మొదటి ప్రశ్న ఆమెకే, “నువ్వేమన్నావమ్మా అతన్ని?” అని. రెండోది, “పిల్లల మొహం చూడవా?” అని. అతనికి మాత్రం, “ఇకనుంచి జాగ్రత్త బాబూ.” తరవాత ఇద్దరి చేతులూ కలిపి ప్రార్థన, ఆపైన టీ. గంటలో అయిపోతుంది. 2005లో గృహహింస చట్టం వచ్చింది, మరుసటేడు దాని రూల్స్ వచ్చాయి. వాటి ప్రకారం కౌన్సెలింగు గదిలో కొట్టినవాడు ‘ఆమె రెచ్చగొట్టింది’ అని సమర్థించుకోడానికే వీల్లేదు. మళ్ళీ జరగదన్న హామీ రాబట్టడమే కౌన్సెలరు పని. సర్కారు గదిలో ఉన్న ఈ ఒక్క నియమం పెద్దల గదిలోకి రాలేదు. 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబే అన్న ఆడవాళ్ళు మన రాష్ట్రంలో 84 శాతం. కొట్టించుకున్నామని చెప్పినవాళ్ళు 30 శాతం దాకా ఉన్నారు. మొదటి అంకె చూశాక రెండోదాన్ని నమ్మాలో లేదో నాకు తెలీదు. సబబే అనుకునేది ఫిర్యాదు ఎందుకు చేస్తుంది?

అయ్యగారు: ఆ 84లో హిందువులున్నారు, ముస్లింలున్నారు, మనవాళ్ళున్నారు. అది ఈ నేల జబ్బు, వాక్యం తెచ్చింది కాదు. భార్యను గౌరవించని మగాడి ప్రార్థనకే అడ్డం పడుతుందని పేతురు తన మొదటి పత్రికలో హెచ్చరించాడు. ఆ వచనం పెళ్ళి ప్రసంగాల్లో తక్కువ వినపడుతుంది, ఒప్పుకుంటాను. పక్కనే ఉన్న లోబడి ఉండమనే వచనం ఎక్కువ వినపడుతుంది.

కానీ క్షమించిన ఆడవాళ్ళందరూ దెబ్బలకి భయపడి క్షమించారనుకోవడం కూడా వాళ్ళని చిన్నబుచ్చడమే. తొంభైల చివర, రెండు వేల మొదట్లో ఈ కోస్తా జిల్లాలు హెచ్‌ఐవీతో ఎలా అల్లాడాయో గుర్తుందా? దేశంలో ఎక్కువ కేసులున్న రాష్ట్రాల్లో మనది ఒకటి. ఎన్నో ఇళ్ళలో జబ్బు తెచ్చింది భర్త, భార్యకి అంటింది. ప్రభుత్వం ఉచిత మందులు మొదలుపెట్టిందే 2004 ఏప్రిల్‌లో, అదీ కొద్ది ఆసుపత్రుల్లో. అంతకు ముందు పోయినవాళ్ళకి చివరి నెలల్లో ఒళ్ళు తుడిచి, గంజి పట్టి, దుప్పట్లు ఉతికింది ఎవరు? తమకి చావు తెచ్చిపెట్టిన మనిషికి ఆ సేవ చేశారు. సుఖవ్యాధి రెండేళ్ళుగా ఉంటే విడాకులడగొచ్చని మీ చట్టంలోనే ఉంది. వాళ్ళు అడగలేదు. దాన్ని బానిసత్వం అంటావా?

లాయరమ్మ: అననండి. అనలేను. ఆ ఆడవాళ్ళ ముందు లాయర్లూ పాస్టర్లూ ఇద్దరూ తల దించుకోవాల్సిందే. కానీ రెండు సంగతులు. వాళ్ళలో చాలామందిని, భర్త పోగానే, కొడుకుని మింగేసిందంటూ అత్తింటివాళ్ళు బయటికి నెట్టారు. ఆ అత్తింటివాళ్ళకి క్షమాపణ మీద ప్రసంగం చెప్పడానికి ఎంతమంది వెళ్ళారు? రెండోది, ఎవరూ అడక్కుండా ఒకామె ఇచ్చినదాన్ని చూపించి ఇంకొకామె దగ్గర వసూలు చెయ్యకూడదు. 

ఇక చట్టం సంగతి తెచ్చారు గనక, పాస్టర్లలో చాలామందికి తెలియని ఒక ముడి ఉంది. క్రైస్తవులకి వర్తించేది 1869 నాటి విడాకుల చట్టం. అందులో సెక్షన్ 12, 13ల ప్రకారం, అవతలివాళ్ళ వ్యభిచారాన్ని మన్నించేసిన మనిషికి ఆ తప్పు మీద విడాకులు అడిగే హక్కు పోతుంది. మన్నించారో లేదో ఎలా తేలుస్తారు? సెక్షన్ 14 చెబుతుంది, మళ్ళీ కాపురం కలిస్తేనో, ఆపకుండా కొనసాగిస్తేనో తప్ప మన్నించినట్టు కాదని. అంటే కోర్టు దృష్టిలో క్షమాపణకి గుర్తు కాపురమే. పెద్దలు గంటలో చేతులు కలిపించి పంపేశారనుకోండి, ఆమె ఆ రాత్రి అతనింట్లో పడుకుంటే చేతిలో ఉన్న కేసు కరిగిపోవచ్చు. ఆమెకి ఆ సంగతి ఎవరూ చెప్పరు. చెప్పకుండా అడిగిన క్షమాపణ ఏం క్షమాపణండి?

అయ్యగారు: చట్టానికి గుండె కనపడదు గనక మంచాన్ని చూసి లెక్కేస్తుంది. అది దాని లోటు. వాక్యం గుండె నుంచి క్షమించమంది.

లాయరమ్మ: లోటే గానీ, ఆ లోటులో కూడా ఒక న్యాయం ఉంది. 1975లో దాస్తానే కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, మన్నింపుకి ఒక షరతు ఎప్పుడూ అంటిపెట్టుకునే ఉంటుంది, మన్నించబడ్డ మనిషి మళ్ళీ అదే దారి పడితే పాత తప్పు కూడా లేచి నిలబడుతుందని. అది హిందూ వివాహ చట్టం కేసు. కానీ మీ పద్దెనిమిదో అధ్యాయం చివరి కథ కూడా అదే కదండీ. రాజు దాసుడికి పదివేల తలాంతుల అప్పు మాఫీ చేశాడు. వాడు బయటికెళ్ళి వంద దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. రాజు ఏం చేశాడు? మాఫీ రద్దు చేశాడు. ఇంట్లో గొంతు పట్టుకునేవాడికి ఈ కథ ఎవరు చెబుతారు?

అయ్యగారు: రద్దు చేసింది రాజమ్మా, తోటి దాసుడు కాదు. ఆ తేడా పోగొట్టుకుంటే కథే పోతుంది. తీర్పు ఆయన చేతిలో ఉంది, క్షమాపణ మన చేతిలో ఉంది. అయినా, క్షమించడం అంటే ప్రమాదంలోకి తిరిగి వెళ్ళడమే అని సంఘం అంతా అనలేదు. కతోలికుల 1983 ధర్మశాస్త్రం చూడు. వ్యభిచారం చేసిన భర్తనో భార్యనో క్షమించమని గట్టిగా కోరుతుంది. అయినా క్షమించలేదంటే విడిగా ఉండే హక్కుందంటుంది. ఆ పక్క కానన్‌లోనే, అవతలి మనిషి వల్ల మనసుకో శరీరానికో, పిల్లలకో పెద్ద ప్రమాదముంటే విడిపోయి బతకడానికి అది న్యాయమైన కారణమంటుంది. విజయవాడ మేత్రాసనం కింద ఉన్న కృష్ణా జిల్లా కతోలికులందరికీ ఇది వర్తిస్తుంది. పోప్ ఫ్రాన్సిస్ 2016లో రాసిన ‘అమోరిస్ లెతీషియా’ కూడా, కొన్ని ఇళ్ళలో విడిగా ఉండడం తప్పనిసరే కాదు, నీతిపరంగా అవసరం కూడా అంది.

లాయరమ్మ: మీరే ఒప్పుకున్నారు, కతోలికులకి రాసిపెట్టిన పుస్తకం ఉంది, ట్రిబ్యునల్ ఉంది. సీఎస్ఐ వాళ్ళకి కనీసం బిషప్ ఆఫీసు ఉంది. గుడివాడ చుట్టూ రేకుల షెడ్డులో నడిచే స్వతంత్ర సంఘాల సంగతేమిటి? అక్కడ పాస్టరుగారి మాటే మొదటి తీర్పూ, ఆఖరి తీర్పూ. ఆయనా మంచివాడే అయి ఉండొచ్చు. మంచివాడి మీద కూడా అప్పీలు ఉండాలి.

(ఇక్కడ పాఠకులకు ఒక మాట. వీళ్ళిద్దరూ మాట్లాడుతున్న చట్టం క్రైస్తవులకు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్ళి చేసే పాస్టరుకు అధికారమో లైసెన్సో ఉండాలి. అది లేనివాళ్ళు చేసిన పెళ్ళిళ్ళు డెల్టాలో కోకొల్లలు. కులధ్రువీకరణ పత్రం కోసం కాగితాల మీద హిందువులుగా, ఆదివారం చర్చిలో విశ్వాసులుగా ఉన్న కుటుంబాలూ అంతే. తగువు కోర్టుకెక్కాక మొదటి వాదన కొట్టాడా లేదా అన్నది కాదు, అసలు ఏ చట్టం కింద జరిగిన పెళ్ళి ఇది అన్నది.)

అయ్యగారు: అందుకే అంటున్నాను, కోర్టుని నమ్ముకుని కాపురం వదిలితే దక్కేదేమిటి? ఆ కోర్టు మాత్రం మొదట ఏం చేస్తుంది? 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టమే ముందు రాజీకి ప్రయత్నించమంటుంది. మేం చేస్తే తప్పు, జడ్జి చేస్తే చట్టమా?

లాయరమ్మ: జడ్జి ఆమెకి నరకం చూపించడండి, క్షమించకపోతే పోతావని. ఆ తేడా చాలదా?

చట్టాన్ని కూడా పొగడట్లేదు. 1869 నుంచి 2001 దాకా, నూట ముప్ఫై రెండేళ్ళు, ఆ చట్టం చెప్పిందేమిటో తెలుసా? భార్య తప్పటడుగు వేసిందని రుజువైతే చాలు, భర్తకి విడాకులు. భర్త తప్పటడుగు వేస్తే మాత్రం భార్యకి అదొక్కటీ చాలదు. దానికి తోడు హింసో, రెండేళ్ళు వదిలిపెట్టి వెళ్ళడమో కూడా రుజువు చెయ్యాలి. భార్యతో తిరిగినవాడి దగ్గర భర్త నష్టపరిహారం కూడా దావా వెయ్యొచ్చు. ఆ సెక్షన్ 34ను 2001 సవరణలోనే తీసేశారు. అంటే తరాల తరబడి మన ఆడవాళ్ళకి చట్టం చెప్పిందీ, పెద్దలు చెప్పిందీ ఒకటే. అతని ఒక్క తప్పు తప్పే కాదు, రెండోది చేసేదాకా ఓర్చుకో. దానికి తోడు హోషేయ ప్రసంగం.

అయ్యగారు: హోషేయ మీద నీకేమిటి కోపం? వదిలేసి పోయిన భార్యను వెతుక్కుంటూ వెళ్ళి, వెల కట్టి తెచ్చుకున్న ప్రవక్త. క్షమించే ప్రేమ గురించి పాత నిబంధనలో అంతకన్నా లోతైనది ఎక్కడుంది?

లాయరమ్మ: లోతైనదే. ఆ కథలో తప్పిపోయేది ఎప్పుడూ ఆడదే, క్షమించే దేవుడి స్థానంలో ఎప్పుడూ మగవాడే. ఇంటికొచ్చి చూస్తే తాగొచ్చేది అతను, అన్నం పెట్టేది ఆమె. అప్పుడైనా ఆమెను దేవుడి స్థానంలో పెట్టి ఆ ప్రసంగం చెయ్యాలి కదా? చెయ్యరు. ఆమెకి అబీగయీలు ఇస్తారు. స్త్రీల కూడికల్లో ఎంత ఇష్టమో ఆ కథ! మూర్ఖుడు భర్త, తెలివైన భార్య, ఇల్లు కాపాడుకుంది. కానీ అబీగయీలు ఏం చేసిందో చదవండి. దావీదు ఎదురుగా, అతని మనుషులందరి ముందు, నా మొగుడు పేరుకి తగ్గట్టే మూర్ఖుడని చెప్పేసింది. కప్పిపెట్టలేదు. ఇవాళ ఏ స్త్రీల కూడికలోనైనా ఒకామె లేచి ఆ మాట అంటే, పక్కన కూర్చున్నవాళ్ళు కొంగు పట్టి లాగరూ?

అయ్యగారు: లాగుతారు. అది మా తప్పు. సరే, ఇప్పుడు నా పక్షాన ఉన్న గట్టి మాట చెప్పనీ. పశ్చాత్తాపపడితేనే క్షమిస్తాను అన్నావనుకో. అతను ఎప్పటికీ పడలేదు. అప్పుడు ఆమె బతుకు తాళంచెవి అతని జేబులోనే ఉండిపోదూ? పదేళ్ళైనా ఆమె మనసు ఆ గదిలోనే, ఆ రాత్రి దగ్గరే. సిలువ మీద ప్రభువు చేసిన ప్రార్థన చూడు. మేకులు కొట్టినవాళ్ళు అప్పటికి పశ్చాత్తాపపడలేదు. కృప ముందు నడుస్తుంది, పశ్చాత్తాపం దాని వెనక వస్తుంది. ఒక్కోసారి రాదు కూడా. అయినా క్షమించిన మనిషికి విడుదల దొరుకుతుంది.

లాయరమ్మ: అదే సిలువ పక్కన ఇద్దరు దొంగలున్నారండి. ఒప్పుకున్నవాడికి పరదైసు మాటిచ్చాడు, రెండోవాడికి ఇచ్చినట్టు లేదు. క్షమాపణ అందరి మీదా వాన కురిసినట్టు కురవొచ్చు. తోడుగా ఉండడం మాత్రం ఒప్పుకున్నవాడికే. గ్లాడిస్ స్టెయిన్స్‌ను చూడండి. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో భర్త గ్రాహంనీ, ఇద్దరు చిన్న కొడుకుల్నీ జీపులో తగలబెట్టారు. ఆమె క్షమించానంది. ప్రపంచమంతా విన్నది. చట్టం తన పని తను చేసుకోవడం వేరే సంగతి అని కూడా అంది, దాన్ని తక్కువమంది విన్నారు. తగలబెట్టిన దారాసింగ్ శిక్ష 2011లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి యావజ్జీవంగా ఖాయమైంది. ఆమె క్షమాపణ ఏ మాత్రమైనా చిన్నదైపోయిందా?

అయ్యగారు: కాలేదు. కానీ ఆ పోలిక ఇక్కడ నిలవదు. గ్లాడిస్ అమ్మగారు తెల్లారి లేచి దారాసింగ్‌కి కాఫీ పెట్టాల్సిన పని లేదు. అతను ఆమెకి ఏమీ కాడు. పరాయివాణ్ణి క్షమించి, నీ దారి నీది నా దారి నాది అనొచ్చు. భార్యాభర్తలు ఏకశరీరం అన్నాక, క్షమించాను గానీ గడప దాటనివ్వను అంటే, పరాయివాడికిచ్చిన దానికన్నా ఏమెక్కువ ఇచ్చినట్టు? చావు దాకా అని మాట ఇచ్చింది దేనికి? మంచి రోజులకి మాట అక్కర్లేదు కదమ్మా. ఆ మాట పనికొచ్చేదే ఇలాంటి రోజుకి.

(లాయరమ్మ దగ్గర్నుంచి దీనికి వెంటనే జవాబు రాలేదు. ఈ వాదన మొత్తంలో అయ్యగారి పక్షాన అన్నిటికన్నా బరువైన మాట ఇదే.)

లాయరమ్మ: ఆ మాట ఇద్దరూ ఇచ్చారండి. ఒకరు తెంపాక రెండోవాళ్ళు ఒక్కరే పట్టుకుని కూర్చుంటే అది ముడి ఎలా అవుతుంది? సరే, తిరిగి కలవడమే గమ్యం అనుకుందాం. ఎలా కలవాలో ఆదికాండంలో ఉంది. యోసేపు తన్ని అమ్మేసిన అన్నల్ని ఐగుప్తులో చూడగానే గుర్తుపట్టాడు. వెంటనే కౌగిలించుకున్నాడా? లేదు. తనెవరో చెప్పలేదు. షిమ్యోనును చెరలో ఉంచాడు. బెన్యామీనును తెమ్మన్నాడు. వాళ్ళ గోతాల్లో వెండి పెట్టి చూశాడు. ఒకప్పుడు తమ్ముణ్ణి అమ్మిన యూదా, ఇంకో తమ్ముడి బదులు నేను దాసుడిగా ఉంటానని ముందుకొచ్చాడు. అప్పుడు గానీ యోసేపు వాళ్ళ ముందు ఏడవలేదు, బయటపడలేదు. క్షమించడం ఎప్పుడో మనసులో జరిగి ఉండొచ్చు. తలుపు తియ్యడానికి మాత్రం రుజువు చూశాడు. జక్కయ్య కూడా నోటి మాటతో ఆగలేదు, నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మన పెద్దల కూర్చోడంలో ఆ గంటలో ఎవరు ఏం తిరిగిస్తున్నారు? తాకట్టు పెట్టిన సూత్రాలైనా విడిపించి తెమ్మంటున్నారా?

అయ్యగారు: ఇది బాగుంది. పౌలు కూడా కొరింథీయులకి రాస్తూ, భర్తను విడిచి వెళ్ళిన భార్య ఒంటరిగానైనా ఉండాలి, లేదా సమాధానపడాలి అన్నాడు. వెళ్ళనే వెళ్ళకూడదని గొళ్ళెం పెట్టలేదు, రెండో పెళ్ళికి తలుపూ తియ్యలేదు. దూరంగా ఉంటూ కాచుకుని ఉండడం అనేది వాక్యంలో ఉన్నదే. కానీ ఇది కూలి ఇళ్ళలో ఎలా కుదురుతుందో చెప్పు. నాగాయలంకలో రొయ్యల చెరువు మీద కాపలాకి పోయేవాడి భార్య విడిగా ఎక్కడుంటుంది? పుట్టింట్లో వదినగారి మాటలు ఎన్నాళ్ళు పడుతుంది? పిల్లల బడి మానేస్తారు. రుజువు కోసం ఆగమని చెప్పడం ఉద్యోగమున్న ఆమెకి తేలిక. మిగతావాళ్ళకి ఆ ఆగడమే శిక్ష. మేం గంటలో చేతులు కలిపించేది అందుకే కూడా. ఆ రాత్రి ఆ పిల్లలు ఎక్కడ పడుకుంటారు అన్నదే మాకు ముందు కనపడుతుంది.

లాయరమ్మ: ఆమే ఎందుకు వెళ్ళాలండి? గృహహింస చట్టం సెక్షన్ 19 కింద, ఉమ్మడిగా ఉన్న ఇంట్లోంచి అతన్ని బయటికి పంపే ఉత్తర్వు మేజిస్ట్రేటు ఇవ్వొచ్చు. 2020 డిసెంబరులో పంచిన ఇళ్ళ పట్టాలు ఎవరి పేరున ఇచ్చారు? ఆడవాళ్ళ పేరునే. పట్టా ఆమెది, గడప ఆమెది. సంఘం మాత్రం ఇంకా ‘నువ్వు ఎక్కడికి పోతావమ్మా’ అనే అడుగుతోంది. అతన్ని అడగాలి ఆ ప్రశ్న.

అయ్యగారు: బయటికి నెట్టినవాడు ఇంకా ఎక్కువ తాగి, ఏ కాలవ గట్టునో పడి ఉంటే, రెండో రోజు వెళ్ళి లేవదీసుకొచ్చేది ఆమే. మగాళ్ళని కాదు, ఆమెని అడుగు. చాలామంది అతను పోవాలని కోరుకోరు, మారాలని కోరుకుంటారు.

లాయరమ్మ: అది నిజం. డిక్రీ చేతిలో పెట్టినప్పుడు సంతోషంగా నవ్విన ఆడమనిషి అరుదు. మనోవర్తి కన్నా, విడాకుల కన్నా వాళ్ళు ముందు అడిగేది ఒకటుంటుంది. “తప్పు నాదేనని నలుగురిలో ఒక్కసారి అనమనండి” అని. దానికి ఏ సెక్షనూ లేదు. ఏ జడ్జీ ఇప్పించలేడు. ఇప్పించగలిగితే సంఘమే ఇప్పించగలదు, ఇప్పించట్లేదని నా బాధ. సాక్ష్యం చెప్పే మగాళ్ళని చూడండి. తాగుడు మానాను, దేవుడు నన్ను క్షమించాడు అంటారు. హల్లెలూయా అంటారు. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న పెళ్ళాం పేరు ఆ సాక్ష్యంలో రాదు. యాభై ఒకటో కీర్తన రాసిన దావీదు కూడా అంతే కదా, పాపం చేసింది దేవుడికి మాత్రమే అన్నాడు. కీర్తన లోపల ఊరియా ఊసు లేదు, బత్షెబ ఊసు లేదు. చిలకలపూడి నగలాంటి మారుమనస్సు అది, పైన మెరుస్తుంది, ఇంట్లో గీకి చూస్తే రాగి.

అయ్యగారు: దావీదు మాటని మరీ అంత తేలిగ్గా కొట్టెయ్యకు. నాతాను ప్రవక్త ఎదుటికొచ్చి వేలెత్తి చూపించాక రాసిన కీర్తన అది, ఆ సంగతి శీర్షికలోనే ఉంది. కానీ సాక్ష్యాల గురించి నువ్వన్నది కాదనలేను. అతను ఆమె వైపు తిరిగి చెప్పాల్సింది మైకు వైపు తిరిగి చెబుతున్నాడు.

లాయరమ్మ: అయితే ఒకటి చెయ్యండి. బలిపీఠం దగ్గర కానుక అక్కడే వదిలేసి ముందు సమాధానపడి రమ్మన్నది ప్రభువే. మొదటి ఆదివారం రొట్టె, రసం అందుకోడానికి అతను లేచినప్పుడు, ముందు ఆమెకి చెప్పి రా అని కూర్చోబెట్టండి. తాగినవాణ్ణి బల్లకి దూరం పెట్టిన సంఘాలున్నాయి. తప్పటడుగు వేసిన ఆడపిల్లని నెలల తరబడి కూర్చోబెట్టినవీ ఉన్నాయి. పెళ్ళాన్ని కొట్టినందుకు ఎవణ్ణి కూర్చోబెట్టారో ఒక్కటి చూపించండి.

అయ్యగారు: తేలిగ్గా చెప్పావు. స్వతంత్ర సంఘంలో అలా చేస్తే, ఆ కుటుంబం మొత్తం వచ్చేవారం పక్క వీధి చర్చిలో ఉంటుంది. కానుకలూ వాళ్ళతోనే పోతాయి. పెద్ద సంఘాల్లో అయితే పాస్టరుకి బదిలీ. అతని బంధువులే కమిటీలో ఉంటారు. అయినా చెయ్యాలి, కాదనను. మరి అతను చెప్పాడే అనుకో. నలుగురిలో చెప్పాడు, సూత్రాలు విడిపించాడు, ఏడాది పైన తాగలేదు, చెయ్యెత్తలేదు. అప్పుడు తలుపు తియ్యమ్మా అని ఆమెను అడిగే హక్కు సంఘానికి ఉందా, లేదా?

లాయరమ్మ: అడగొచ్చు. ఆమె తియ్యనంటే ఆమె బల్ల ఆపకూడదు.

అయ్యగారు: అక్కడ మాత్రం ఒప్పుకోలేను. రుజువులన్నీ చూశాక కూడా క్షమించనన్నవాళ్ళకి ఆ దాసుడి కథే వర్తిస్తుంది, మగైనా ఆడైనా.

లాయరమ్మ: క్షమించనని ఆమె అనలేదండి, కాపురానికి రానంది. రెండూ ఒకటే అన్నది మీ సంఘం ఒక్కటే కాదు, మా చట్టం కూడా అంటోంది, ఆ నిజం చెప్పి తీరాలి. 1983లో మన హైకోర్టులో జస్టిస్ పి.ఏ. చౌదరి సరిత కేసులో, ఇష్టంలేని మనిషిని కాపురానికి పంపే హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేశారు. మరుసటేడే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పు సరికాదంది. క్రైస్తవుల చట్టంలో అదే పని చేసే సెక్షన్ 32 ఉంది. ఆ డిక్రీ వచ్చినా ఆమెను చెయ్యి పట్టి తీసుకెళ్ళే అధికారం ఎవరికీ లేదు, మహా అయితే ఆస్తి జప్తు చెయ్యగలరు. ఆ సెక్షన్‌ని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ తీసెయ్యలేదు.